నేపుల్స్‌లో ఓడిన పందెం

మార్కమ్,
ఫిబ్రవరి 9.

బావకి,

నీతో ఫోన్లో మాట్లాడటం గోడతో షటిల్ ఆడటం లాంటిది. నేను కొట్టిందే నాకు తిరిగొస్తుంది. మొన్న అంతసేపు నేను వాగితే నువ్వు రెండుసార్లు "ఊఁ" అని, "అక్కకి ఇస్తున్నా" అన్నావు. కాగితం మీద అడిగితే మాత్రం జవాబిస్తావు. అక్కని చేసుకోవడం ఇష్టమేనా అని మా నాన్న అడిగితే కూడా కార్డు ముక్క మీదే రాసి పంపావట కదా.

విషయం నీకు తెలుసు. ఆ ఫుడ్ బ్లాగ్‌లో రాసింది నువ్వూ చదివావు. "ఒషావాలో ఒక షాపు గోంగూర అనే పుల్లటి ఆకును పిజ్జా మీద పరుస్తుంది. పొయ్యి దిగాక పైన ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి వేయించి నూనెతో సహా పోస్తుంది. ఇది పిజ్జాకు జరిగిన అవమానం." దాన్ని మా ఆఫీసులో ఎవడో టీమ్ చాట్‌లో పెట్టాడు. ఆ షాపులో సగం వాటా నాదని వాడికి తెలియదు. అందరూ నవ్వారు. నేనేం మాట్లాడలేదు. ఇంటికొస్తే నిఖిల "డాడ్, దిసీజ్ సో ఎంబరాసింగ్" అంది. పదిహేనేళ్ళ పిల్లకి నేనేం చెప్పను?

టొరంటోలో, నార్త్ యార్క్‌లో సబ్‌వే పక్కన ఒక జాగా చూశాను. చుట్టూ కాండో మేడలు, బ్యాంకు ఉద్యోగాలు చేసేవాళ్ళు. అక్కడ కట్టెల ఓవెన్‌తో అచ్చంగా నేపుల్స్ పద్ధతి పిజ్జా పెడదాం. రెండు షాపులకీ ఒకటే పేరు, ఒకటే మెనూ. గోంగూర ఉండదు.

నువ్వు ఒప్పుకోవని తెలుసు. అందుకే పందెం. నీకూ అక్కకీ ఏప్రిల్‌లో నేపుల్స్‌కి టికెట్లు కొన్నాను, మూడు వారాలు. పేరున్న పిజ్జేరియాల లిస్టు ఇస్తాను. అన్నీ తిని, ఆ ఊళ్ళో బెస్ట్ పిజ్జా ఏదో కనిపెట్టు. దాని పక్కన మన గోంగూర పిజ్జా నిలబడుతుందని నువ్వు రాస్తే నేనిక నోరెత్తను. నిలబడదని నీకే అనిపిస్తే బోర్డు మీంచి తీసేయాలి. నువ్వు అబద్ధం రాయవు. ఆ ధైర్యంతోనే పందెం వేస్తున్నాను.

నీ బావమరిది,
మధుసూదన్.


ఒషావా,
ఫిబ్రవరి 16.

మధూ,

ఉత్తరం అందింది. టికెట్లు రూప చూసింది. నన్ను అడగకుండానే సూట్‌కేసు దింపింది. కాబట్టి వెళ్తాం.

పందేనికి ఒప్పుకుంటున్నాను. ఒప్పుకునే ముందు కొన్ని విషయాలు నువ్వు గుర్తు పెట్టుకోవాలి.

నాకు పిజ్జా ఎవరూ పాఠం చెప్పలేదు. కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పని పోయిన ఏడాది ఒక గ్రీకు ముసలాయన షాపులో డెలివరీకి చేరాను. ఆర్డరు తయారయ్యే వరకు నిలబడి ఆయన చేతుల్ని చూసేవాణ్ణి. చూసి చూసి నేర్చుకున్నాను. ఆయన ముసలివాడై షాపు అమ్మేస్తానంటే నువ్వూ నేనూ కలిసి కొన్నాం. కొన్న ఏడాది చలికాలంలో మంచు పడి రెండు రోజులు రోడ్లు మూసేశారు. షాపులో పిండి, చీజ్ తప్ప సరుకు లేదు. కాలేజీ పిల్లలు కొందరు బస్సులు ఆగిపోయి షాపులో చిక్కుకున్నారు. రూప ఇంటి నుంచి నడిచి వచ్చి, ఫ్రీజర్లో ఉన్న గోంగూర మగ్గబెట్టి పిండి మీద పరిచింది. తాలింపు కూడా తనే పెట్టింది. ఆవాలు చిటపటలాడుతుంటే ఆ పిల్లలు వరసగా వచ్చి పొయ్యి చుట్టూ నిలబడ్డారు. గోంగూర పిజ్జా అలా పుట్టింది. దాన్ని నేను కనిపెట్టలేదు, కనుక గర్వంతో మాట్లాడుతున్నానని అనుకోకు.

అవమానం అన్న మాట గురించి. పైనాపిల్ పిజ్జా పుట్టింది ఇటలీలో కాదు. ఈ ఒంటారియోలోనే, చాతమ్ అనే ఊళ్ళో, ఒక గ్రీకు ఆయన హోటల్లో. దాన్ని లోకమంతా తిట్టింది. లోకమంతా తింటూనే ఉంది. పైనాపిల్‌కి లేని వీసా గొడవ గోంగూరకి ఎందుకో మీ ఆఫీసు వాళ్ళని అడుగు.

వాళ్ళు నవ్వినప్పుడు నువ్వేం మాట్లాడలేదని రాశావు. అది చదివాక ఉత్తరం కాసేపు పక్కన పెట్టాను.

రూప కిటికీలో ఐస్‌క్రీమ్ డబ్బాల్లో గోంగూర విత్తనాలు వేసింది. ఇంకా మొలకెత్తలేదు.

కోదండరామ్.


మార్కమ్,
మార్చి 2.

బావా,

లిస్టు ఇందులో పెట్టాను. మొదటి నాలుగూ తప్పనిసరి. చేత్తో తినకు, అక్కడ కత్తీ ఫోర్కూ ఇస్తారు. పిజ్జా ముక్కలుగా కోసి ఇవ్వరు, కోయమని అడిగి మన పరువు తీయకు. ఇద్దరూ ఒకటి చెప్పుకుని పంచుకుంటాం అనకండి, మనిషికొకటి చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యం. అక్క బ్యాగులో పచ్చడి సీసా పెడుతుంది. నువ్వు తీసేయ్. ఇటలీకి పచ్చడి తీసుకెళ్ళిన కుటుంబమని ఎయిర్‌పోర్టులో ఎవరైనా ఫోటో తీస్తే నేను ఉద్యోగం మానేయాలి.

పందెంలో నువ్వు ఓడిపోతావని నాకు సంతోషంగా లేదు. కానీ ఓడిపోతావు.

మధు.


నేపుల్స్,
ఏప్రిల్ 11.

మధూ,

కాగితం మీద రాసి రూప ఫోన్‌తో ఫోటో తీయించి పంపుతున్నాను. పోస్టులో వేస్తే మేమే ముందు ఇంటికి చేరేట్టున్నాం.

ఊరు బాగుంది. ఇరుకు సందులు, మేడ మీంచి మేడ మీదికి ఆరేసిన బట్టలు. స్కూటర్ల మీద ముగ్గురేసి. రూపకి విజయవాడ వన్ టౌన్‌లా ఉందట. నాకు అలా అనిపించలేదు. అక్కడ సముద్రం లేదు, ఎదురుగా అగ్నిపర్వతం లేదు.

నీ లిస్టు లెక్క చెప్తాను. మొదటిది: బయట చాలాసేపు నిలబెట్టారు. పిండి బాగా పొంగింది, అంచు మీద చిరుతపులి మచ్చల్లా మాడిన చుక్కలున్నాయి. చీజ్ ఎక్కువైంది. రెండోది: గోడ నిండా పేరున్నవాళ్ళ ఫోటోలు. పిజ్జా ఆ ఫోటోల వాళ్ళ కోసం చేసినట్టుంది. మూడోది: టమాటా చాలా బాగుంది, పిండి సరిగా కాలలేదు. నాలుగోది: మూసేశారు, వారానికి ఒకరోజు సెలవట. రోడ్డు మీద నాలుగు మడతలు పెట్టి కాగితంలో చుట్టి ఇచ్చేది ఒకటి తిన్నాం. నీ లిస్టులో లేదు. లిస్టులో వాటికంటే బాగుంది. నిలబడి చేత్తో తిన్నాం. ఎవరూ ఫోటో తీయలేదు.

నాలుగోది మూసి ఉంటే పక్క సందులోకి వెళ్ళాం. అక్కడ కార్మినే అనే ఆయన షాపు ఉంది. బల్లలు తక్కువ. బయట జనం గుంపుగా ఉన్నారు. గుమ్మంలో ఆయన చెల్లెలు అసుంతా కూర్చుని పేర్లు రాసుకుని పిలుస్తుంది. ఆవిడ టొరంటోలో కొన్నేళ్ళు ఉండి వచ్చింది. మేం ఒషావా నుంచి అని చెబితే ఆనందపడింది, కానీ వరస మార్చలేదు. సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకడు కారు దిగి తిన్నగా లోపలికి వెళ్ళబోయాడు. ఆవిడ కుర్చీ ఒక్కటి అడ్డం జరిపింది. అతను వెళ్ళి మా వెనక నిలబడ్డాడు.

ఇప్పటివరకు తిన్నవాటిలో ఇదే మంచిది. అక్కడ కొంచెం మాట వచ్చింది. ఇంకోసారి వెళ్ళి చూసి పందెం సంగతి రాస్తాను.

కోదండరామ్.


మార్కమ్,
ఏప్రిల్ 13.

బావా,

"అక్కడ కొంచెం మాట వచ్చింది." ఇదా నువ్వు రాసేది? అక్క నిన్న రాత్రి ఫోన్లో మొత్తం చెప్పింది. నేను నవ్వలేక సోఫా మీంచి జారాను. నా భార్య పరిగెత్తుకొచ్చింది.

పచ్చడి సీసా తీసేయమన్నాను. సీసా తీసేశావట, స్టీలు డబ్బా ఉంచావట. అది మొత్తం నేపుల్స్‌లోనే మంచి షాపని నువ్వు చెప్పేచోట అక్క డబ్బా మూత తీసి, వేడి వేడి మార్గెరీటా పిజ్జా మీద గోంగూర పచ్చడి రాసిందట. ఆ కార్మినే పొయ్యి దగ్గర్నుంచి పొడుగు చెక్క గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చాడట. ఆయన ఇటాలియన్లో అరవడం, అక్క తెలుగులో అరవడం. "అన్నంలో నెయ్యి కలుపుకుంటే వండినవాడికి కోపమెందుకు నాయనా" అందట. ఊరంతా కిటికీల్లోకి వచ్చి చూశారట. నువ్వు మాత్రం మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నావట.

ఇంక నువ్వు వేరే చెప్పేదేముంది? ఇటలీ వాడే లేచొచ్చి గోంగూరని ప్లేటుతో సహా తీసేశాడు. బ్లాగ్ వాడు రాసిందే ఈయన గరిటెతో చెప్పాడు. అయినా నీ నోటి నుంచి వినాలి. వివరంగా రాయి, దాచకుండా.

మధు.


నేపుల్స్,
ఏప్రిల్ 20.

మధూ,

దాచాలని కాదు. ఆలోచన తెగక రాయలేదు.

మీ అక్క చెప్పింది నిజమే. ఒకటి చెప్పలేదు. ఆయన ప్లేటు లాక్కున్నాక అన్న మాటని అసుంతా మాకు ఇంగ్లీషులో చెప్పింది. "ప్లేటులో ఉన్నంతసేపూ ఇది నాది. నీ కడుపులోకి వెళ్ళాక నీది." రూప మొహం ఎర్రబడింది. నాకు కోపం రావాలి కదా, రాలేదు. గ్రీకు ముసలాయన గుర్తొచ్చాడు. ఆయన పిజ్జా మీద ఎవరైనా కెచప్ అడిగితే, బయట హాట్‌డాగ్ బండి ఉంది వెళ్ళమనేవాడు.

కార్మినే ఇంకో పిజ్జా చేసి తెచ్చాడు. మేం తినేదాకా బల్ల దగ్గరే నిలబడ్డాడు. రూప కోపంతో ఒక ముక్క తిని ఫోర్కు కింద పెట్టింది. తర్వాత మళ్ళీ తీసుకుంది. ప్లేటు ఖాళీ చేసింది.

ఇప్పుడు పందెం సంగతి. ఆ పిజ్జా కోసం నేను మళ్ళీ మూడుసార్లు వెళ్ళాను. అంచు పట్టుకుంటే దూదిలా ఉంటుంది, లోపల తడి. నడిమధ్య పల్చగా, టమాటా రసంతో ఊగుతూ ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే ముందు పొగ, తర్వాత పులుపు, చివర పాలు. వేరే ఏదీ అక్కర్లేదు. ఈ ఊళ్ళో అదే మంచిది. నేను ఇన్నేళ్ళలో తిన్నవాటిలోనూ అదే మంచిది. తింటున్నంతసేపూ నాకు గోంగూర గుర్తు రాలేదు. ఈ మాట రాయకుండా ఉండగలను. రాస్తున్నాను. రూపకి చెప్పాకే రాస్తున్నాను. తను ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు.

మన పిజ్జా దాని పక్కన నిలబడదు. పందెం ఓడిపోయాను. వెళ్ళగానే బోర్డు మీంచి తీసేస్తాను.

ఇంకొక్క విషయం ఉంది. నిన్న రూప రానంది, ఒక్కణ్ణే వెళ్ళాను. జనం తగ్గాక కార్మినే నన్ను పొయ్యి దగ్గర నిలబడనిచ్చాడు. ఆయన బోర్డు మీద రెండే రకాలు. మూడోది ఎందుకు లేదని అసుంతా చేత అడిగించాను. "మూడోది చేసేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు" అన్నాడు. మాట్లాడుతూనే పిండి సాగదీస్తున్నాడు. నేను ఆయన చేతుల్నే చూస్తున్నాను. డెలివరీ రోజుల్లోలాగ.

వచ్చేటప్పుడు అసుంతా మన స్టీలు డబ్బా ఇచ్చింది. ఆ గొడవలో రూప బల్ల మీదే వదిలేసింది. కడిగి తుడిచి, నిండా ఎండిన ఒరెగానో ఆకు పోసింది. డబ్బా ఖాళీగా ఇవ్వకూడదని వాళ్ళకీ ఉందేమో. లోపలున్న పచ్చడి తిన్నారో పారేశారో చెప్పలేదు, నేనూ అడగలేదు. డబ్బా చూశాక రూప నాతో మాట్లాడింది.

కోదండరామ్.


మార్కమ్,
ఏప్రిల్ 22.

బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గెలిచాక గంతులేస్తాననుకున్నాను, వేయలేదు. నువ్వు అలా నిజం రాసేస్తే ఎదుటివాడికి గంతులేయడానికి జాగా ఉండదు.

అయినా పని పనే. బోర్డు తీసేయ్. నేను నార్త్ యార్క్ లీజు సంగతి చూస్తాను. ఆ కార్మినే చేతులు నీకు గుర్తున్నాయి కదా, అంతకంటే ఏం కావాలి? నువ్వు అచ్చం అలాగే చేయగలవు. రెండు షాపుల్లోనూ అదే పిజ్జా. అక్కకి కూడా నెమ్మదిగా చెప్పు. గోంగూర ఇంట్లో వండుకోవచ్చు, ఎవరు వద్దన్నారు?

మధు.


ఒషావా,
మే 14.

మధూ,

వచ్చిన మర్నాడే బోర్డు మీంచి తీసేశాను. మాట ప్రకారం.

మొదటి రోజు రిషిత వచ్చింది. నల్గొండ అమ్మాయి, యూనివర్సిటీలో చదువుకుంటుంది, శుక్రవారం క్లాసులయ్యాక నలుగురైదుగురిని వెంటేసుకొస్తుంది. బోర్డు చూసి, "అంకుల్, గోంగూర ఏమాయె?" అంది. తీసేశానన్నాను. "సరుకు అయిపోయిందా, తీసేసిన్రా?" అంది. తీసేశానని మళ్ళీ చెప్పాను. "మీరు ఇటలీ పోయి చెడిపోయిన్రు అంకుల్" అని అందరినీ తీసుకుని వెళ్ళిపోయింది. మరుసటి శుక్రవారం రాలేదు. ఇది నీకు దెప్పడానికి కాదు. జరిగింది రాస్తున్నాను.

నిన్న ఓవెన్ వచ్చింది. నేపుల్స్‌లో చేసిన కట్టెల ఓవెన్. నార్త్ యార్క్ జాగా ఇంకా తయారు కాలేదని ఇక్కడ దింపమన్నావట. లారీ అతను, నేనూ, పక్క టైర్ల షాపు వాళ్ళూ కలిసి వెనక గుమ్మం దాకా తోశాం. ఆలస్యమైనందుకు లారీ అతను క్షమించమన్నాడు. మీరు క్రిస్మస్‌కి ముందే ఆర్డరిచ్చారు, ఓడలో ఆలస్యమైంది అన్నాడు. ఎవరిచ్చారని అడిగాను. నీ పేరు చెప్పాడు.

ఆ బ్లాగ్ వచ్చింది జనవరిలో. నువ్వు పందెం వేసింది ఫిబ్రవరిలో. ఓవెన్ కొన్నది డిసెంబర్‌లో. అంటే బ్లాగ్ వాడు రాయకపోయినా గోంగూర పోయేదే. నేను గెలిచినా నీకు ఓవెన్ వచ్చేదే. నన్ను పంపింది పిజ్జా రుచి చూడటానికి కాదు, నేనే ఒప్పుకున్నట్టు ఉండాలని.

రూప అంది, "మనం ఆడింది పందెం కాదు కనుక బోర్డు మళ్ళీ పెట్టండి" అని. పెట్టను. నువ్వు ఎలా ఆడావన్నది నీ సంగతి. నేను నిజంగానే ఆడాను, నిజంగానే ఓడాను. ఓడినవాడు ఇవ్వాల్సింది ఇచ్చేశాను. ఇచ్చేశాక ఇప్పుడు నా చేతులు ఖాళీ. ఖాళీ చేతులతో ఏం చేయాలో నువ్వు చెప్పలేవు.

ఇక ఈ షాపు కూడా నువ్వే నడుపు, నేను తప్పుకుంటున్నాను. ఓవెన్ నీకు కావలసినచోట పెట్టు, మంచిది, బాగా చేశారు. కార్మినే పిజ్జా నేను చేయను. చేయలేక కాదు. అచ్చం అలాగే చేసినా ఒషావాలో అది కార్మినేకి దొంగ సంతకం అవుతుంది. ప్లేటులో ఉన్నంతసేపూ ఇది నాది అని నేను అనగలిగింది నాకు ఒక్కటే ఉంది. అది ఆయన పిజ్జా పక్కన నిలబడదు. నిలబడక్కర్లేదు. ఆయన సందు వేరు, నా సందు వేరు.

తాళం చెవులు రూపతో పంపుతాను. మిగతా సంగతులు మనిద్దరం తీరిగ్గా కూర్చుని తేల్చుకుందాం. నిన్ను తిట్టాలని లేదు.

కోదండరామ్.


మార్కమ్,
మే 19.

బావా,

తిట్టాలని లేదని రాశావు కానీ అంతకంటే తిట్టడం ఎలాగో నాకు తెలియదు.

అవును, డిసెంబర్‌లోనే ఆర్డరిచ్చాను. చెప్తే వద్దంటావని చెప్పలేదు. నీకు ఏదైనా చెప్పి ఒప్పించడం ఎప్పుడైనా కుదిరిందా? నువ్వు "ఊఁ" అంటావు, నేను ఒప్పుకున్నావనుకుంటాను, తీరా చూస్తే అది ఒప్పుకోవడం కాదు.

నేను ఎందుకు తొందరపడ్డానో ఒక్కసారి ఆలోచించు. నేను ఈ దేశమొచ్చిన కొత్తల్లో ఆఫీసు మైక్రోవేవ్‌లో అన్నం వేడి చేసుకుంటే ఒకడు ముక్కు మూసుకున్నాడు. ఆ రోజు నుంచి లంచ్‌కి శాండ్‌విచ్ తప్ప తీసుకెళ్ళలేదు. నా కూతురికి ఆ ముక్కు మూసుకునే మొహాలు కనపడకూడదనుకున్నాను. అందరూ మెచ్చుకునేది ఏదో ఒకటి మన పేరుతో ఉండాలనుకున్నాను. అది తప్పయితే తప్పే.

నువ్వు లేకుండా ఆ షాపులో ఎవరుంటారు? ఈ వయసులో నువ్వు కొత్తగా ఏం మొదలుపెడతావు? మంకుపట్టు వదులు. అక్కని తాళాలిచ్చి పంపకు, పంపినా తీసుకోను.

మధు.


ఒషావా,
జూన్ 26.

మధూ,

తాళాలు నువ్వు తీసుకోలేదు, మీ ఆవిడ తీసుకుందని రూప చెప్పింది. సంతోషం.

ముక్కు మూసుకున్నవాడి సంగతి నాకు ముందే చెప్పి ఉండాల్సింది. ఆ మర్నాడు నువ్వు మళ్ళీ అన్నమే తీసుకెళ్ళి ఉంటే వాడు వారంలో అలవాటు పడేవాడు. వాడి కోసం నువ్వు ఇన్నేళ్ళు శాండ్‌విచ్ తిన్నావు. ఇప్పుడు వాడికి నీ పేరైనా గుర్తుండదు.

సిమ్‌కో స్ట్రీట్‌లో గుజరాతీ ఆయన సరుకుల కొట్టు ఉంది కదా. దాని పక్క కిటికీ నాకు ఇచ్చాడు. లోపల ఒక ఓవెన్, ఒక బల్ల, తాలింపుకి ఒక స్టవ్. కూర్చోవడానికి చోటు లేదు. బోర్డు మీద ఒకటే రకం రాయించాను. కార్మినే రెండు చేస్తాడు. ఆయనంత వాణ్ణి కాను కాబట్టి నేను ఒకటే చేస్తాను.

అల్లం వెల్లుల్లి సాస్ అడిగినవాళ్ళకి లేదన్నాను. పైన చికెన్ వేయమన్నవాళ్ళకి వేయనన్నాను. రాంచ్ సాస్ అడిగినాయనకి ఎదురు షాపు చూపించాను. ఆయన వెళ్ళి, అక్కడ రాంచ్ కొనుక్కుని, మళ్ళీ నా లైన్లో నిలబడ్డాడు. ప్లేటు దాటాక అది ఆయనది. రూప ఇప్పుడు నాకంటే గట్టిగా ఉంటోంది. నిన్న ఒకరు నిమ్మకాయ అడిగితే, చెక్క గరిటె పట్టుకుని కిటికీలోంచి సగం బయటికి వచ్చింది.

కిటికీలో మొలిచిన గోంగూర మొక్కల్ని పెరట్లో నాటింది. జూలైకి తాజా ఆకు వస్తుంది.

ఇది నీకు తెలుసో లేదో. నిఖిల రెండు శనివారాల నుంచి వస్తోంది. స్నేహితురాళ్ళతో. మార్కమ్ నుంచి బస్సులు మారి. మొదటిసారి ఒకటి తీసుకుని నలుగురూ పంచుకున్నారు. రెండోసారి "మామయ్యా, వన్ ఈచ్" అంది. స్నేహితురాళ్ళలో ఒకమ్మాయి వాసన చూసి "వాట్ ఈజ్ దట్?" అంటే, "ఇట్స్ మై ఆంట్స్. యూ డోంట్ హావ్ టు లైక్ ఇట్" అంది. నా రోజువారీ పుస్తకంలో ఆ రోజు దగ్గర అమ్మకం రాయడం మరిచిపోయి ఈ మాట రాసుకున్నాను.

కోదండరామ్.


మార్కమ్,
జూలై 8.

బావా,

నిఖిల లైబ్రరీకి వెళ్తున్నానని చెప్పేది. లైబ్రరీ నుంచి వచ్చిన పిల్ల బట్టలకి తాలింపు వాసనేమిటని నాకు అనుమానం రాకపోలేదు. అడగలేదు. నువ్వు అడగనట్టు.

ఓవెన్ నార్త్ యార్క్ వెళ్ళింది. అక్కడ ఒక కుర్రాణ్ణి పెట్టాను, బాగానే చేస్తున్నాడు. జనం వస్తున్నారు, మెచ్చుకుంటున్నారు. తిని చూశాను, తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను తిన్నంతసేపూ నాకు ఏదో ఒకటి గుర్తొస్తూనే ఉంది.

మొన్న సోమవారం ఆఫీసుకి అన్నం, పప్పు, గోంగూర పచ్చడి తీసుకెళ్ళాను. మైక్రోవేవ్‌లో పెట్టాను. ఒకామె వచ్చి ఇదేమిటని అడిగింది. చెప్పాను. ఆమె "ఓ" అని తన కాఫీ తీసుకుని వెళ్ళిపోయింది. అంతే బావా. ఇంకేం జరగలేదు.

ఆదివారం నేనూ మీ చెల్లీ వస్తున్నాం, పాత షాపు సంగతి అప్పుడు తేల్చుకుందాం. శనాదివారాల్లో మీ లైన్ సరుకుల కొట్టు దాటిపోతోందని అక్క గొప్పగా చెప్పింది. ఎండలో నా వల్ల కాదు. సగం జీవితం నీ షాపులో వాటాదారుణ్ణి, మీ ఆవిడకి సొంత తమ్ముణ్ణి. వెనక తలుపు గుండా వచ్చేయనా, లేక నన్ను కూడా లైన్లో నిలబెడతావా?

మధు.


ఒషావా,
జూలై 10.

మధూ,

వెనక తలుపు లేదు. గొడుగు తెచ్చుకో. కిటికీ ముందు మీ అక్క కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, పేరు చెప్పి నిలబడు.

కోదండరామ్.